రోగి వెంట వచ్చినవారి బీపీ కూడా చూడండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మా మండల కేంద్రంలో అంగడి జరిగే వీధికి దగ్గరగా ఒక చిన్న కుటుంబ వైద్యశాల ఉంది. ఒక డాక్టరు, ఒక నర్సమ్మ, చీటీలు రాసే ఒక కుర్రవాడు, బయట రెండు బల్లలు తప్ప అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు. అయితే లోపలికి వెళ్లే తలుపు పక్కన తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి అంటించారు: ‘ముప్పై ఏళ్లు దాటినవారు, రోగి వెంట వచ్చినవారైనా సరే, బీపీ చూపించుకొని వెళ్లండి. దీనికి డబ్బులు తీసుకోము.’ ఈ ఉత్తరం ఆ కాగితం గురించి రాస్తున్నాను. అలాంటి కాగితం ఒకటి వేరొక చోట, కొన్నేళ్ల ముందు కనిపించి ఉంటే మా ఇంట్లో ఒక మనిషి ఇవాళ రెండు చేతులతో పని చేసుకుంటూ ఉండేవాడు.

మా వదినకు చాలా కాలంగా షుగర్ ఉంది. ఆమెను పట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రికి మా పెద్దన్న రెండు నెలలకోసారి బస్సులో తీసుకుపోయేవాడు. ఆరేళ్లలో తక్కువలో తక్కువ ముప్పై సార్లు వెళ్లి ఉంటారు. వదిన లోపల డాక్టరు ముందు కూర్చుంటే అన్న ఫైలు పట్టుకొని బయట కూర్చునేవాడు. ఆ ముప్పై సార్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టలేదు. చూడమని ఆయనా అడగలేదు, అడగాలని చదువుకున్న నాకూ తోచలేదు. ఆయనకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, తెల్లవారుజామునే లేచి పొలం పోయేవాడు. రెండేళ్ల కింద వానకాలం నాట్లప్పుడు ఒడ్డు చెక్కుతుండగా చేతిలోని పార జారి కింద పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి ఆడలేదు. నోరు ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది.

చుట్టుపక్కల రైతులు మంచి మనసుతోనే పరుగెత్తుకొచ్చారు. చెట్టు కింద పడుకోబెట్టి నీళ్లు తాగించారు. పక్క మండలంలో పక్షవాతానికి పసరు పోసే మనిషి ఉన్నాడని ఒకరు, పావురం నెత్తురు రాస్తే చెయ్యి లేస్తుందని మరొకరు చెప్పడంతో ముందు అటు తీసుకుపోయారు. నాకు కబురు అంది, బండి మాట్లాడి, తలకు స్కాన్ తీసే ఆసుపత్రికి చేర్చేసరికి సాయంత్రమైంది. అప్పుడు ఆయన బీపీ 210/120. మెదడుకు పోయే రక్తనాళం ఒకటి గడ్డతో మూసుకుపోయిందని, గడ్డను కరిగించే ఇంజక్షన్‌ను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని, ఆ సమయం దాటిపోయిందని అక్కడి డాక్టరు చెప్పారు. అన్న ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తాడు. కుడిచేత్తో అన్నం కలుపుకోలేడు. ఇన్నేళ్లూ ఎవరిని రోగి అనుకుంటూ వచ్చామో ఆ వదినే ఇవాళ ఆయనకు ముద్దలు కలిపి పెడుతున్నది.

నోరు వంకర పోవడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ లేవకపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా నోట్లో నీళ్లు కూడా పోయకుండా 108కి ఫోన్ చేసి స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలని, ఆ లక్షణం మొదలైన సమయాన్ని గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెప్పాలని మీ పాఠకులందరూ తెలుసుకోవాలి. మింగే శక్తి పోయిన మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంటుందన్న సంగతి ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతే నేను మా మండల కేంద్రంలోని వైద్యశాలకు వెళ్లడం మొదలుపెట్టాను. మొదటిసారి అన్నను తీసుకుపోయినప్పుడు డాక్టరు ఆయనను చూడటం అయిపోగానే నా వైపు తిరిగి, ‘సారూ, మీది ఎన్నడన్న చూపించుకున్నరా?’ అని అడిగారు. ముప్పై మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను లేదని తల అడ్డంగా ఊపవలసి వచ్చింది. నాకూ ఎక్కువే ఉంది. అన్నదమ్ముల్లో ఒకరికి ఉంటే మిగిలినవారికీ ఉండే అవకాశం ఎక్కువని, అధిక రక్తపోటు ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదని, నొప్పి పుట్టించదు గనుకనే దాన్ని వెతికి పట్టుకోవాలని ఆయన నాకు ఓపికగా చెప్పారు.

అక్కడ బీపీ చూసే పద్ధతి గురించి కొంచెం వివరంగా రాయాలి. చాలా చోట్ల జరిగే పద్ధతికీ దీనికీ తేడా ఉంది. మనిషి వచ్చిన వెంటనే పట్టీ చుట్టరు. చాయ్ తాగి వచ్చినా, బీడీ కాల్చి వచ్చినా, ఎండలో గబగబా నడిచి వచ్చినా అరగంట ఆగమంటారు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి మీద నుంచి తీయించి, మోచేతి పైభాగం గుండె ఎత్తున ఉండేలా బల్ల మీద పెట్టించి, మాట్లాడకుండా ఉండమని చెప్పి చూస్తారు. కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ చూస్తారు. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అప్పటికప్పుడు జీవితాంతం గోలీలు రాసి పంపరు, చీటీ వెనుక ఆ అంకె రాసి వారం తర్వాత మళ్లీ రమ్మంటారు. రెండు మూడు సార్లు అలాగే వచ్చినప్పుడే మందు మొదలుపెడతారు. 180/120 దాటిన వారి విషయంలో మాత్రం అంత వ్యవధి ఇవ్వరు. తమకు లేని జబ్బును అంటగట్టి మందులు అమ్ముకుంటారన్న భయం మన పల్లెల్లో చాలామందికి ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఇలా ఓపికగా రెండు మూడు సార్లు చూసి చెప్పినప్పుడు ఆ భయం తగ్గడం నేను అక్కడి బల్ల మీద కూర్చొని గమనించాను.

మందు మొదలైన తర్వాత వచ్చే చిక్కు ఇంకా పెద్దది. రెండు నెలలు గోలీ వేసుకొని, అంకె 130కి దిగగానే ‘మంచిగైంది, ఇక ఎందుకు’ అని మానేసేవారు మా ఊళ్లోనే ఎందరో ఉన్నారు. గోలీ అలవాటైపోతుందన్న భయం ఒకటి. అలాంటి ఒక రైతుతో డాక్టరు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: ‘చెరువు గండికి మట్టి పోసినం, నీళ్లు ఆగినయ్. ఆగినయ్ గదా అని ఆ మట్టి తీసేస్తమా?’ ఆ రైతు నవ్వి, మూడు నెలల గోలీలు రాయించుకొని పోయాడు.

ఉప్పు విషయంలో రోజుకు మనిషికి 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక టీ చెంచాడు కంటే తక్కువే. డాక్టరు ఈ అంకెతో ఆపకుండా మన ఇంటి లెక్క అడుగుతారు. పొద్దున సద్దికి తొక్కు ఎంత వేసుకుంటారు, పెరుగన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకుంటారా, సాయంత్రం హోటల్ దగ్గర మిర్చీ బజ్జీలు, మిక్చర్ తింటారా అని అడిగి, వాటిలో మానడానికి వీలైనది ఏదో రోగి చేతనే చెప్పిస్తారు. మా ఇంట్లో వదిన తొక్కు జాడీని పండుగలకు పరిమితం చేసింది. వంటలో ఉప్పును ఒక్కసారిగా తగ్గించకుండా కొద్దికొద్దిగా తగ్గించింది గనుక ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు.

ఇక మన నల్లగొండ జిల్లాకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి నొప్పి గోలీల గురించి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తాగి నడుములు, మోకాళ్లు బిగుసుకుపోయినవారు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నొప్పి నిజం, రోజూ ఉంటుంది. మందుల దుకాణంలో అడిగితే చీటీ లేకుండానే నొప్పి గోలీ ఇస్తారు, ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తాడు. ఏళ్ల తరబడి అలా వాడే డైక్లోఫెనాక్ వంటి మందులు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిచేయకుండా అడ్డుపడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎండాకాలం పొలంలో చెమటలు కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. బీపీ చీటీతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘నొప్పి గోలీ ఏదన్న వాడుతున్నరా?’ అని ఈ డాక్టరు అడగడం వెనుక ఉన్న కారణం ఇదే. నొప్పిని ఓర్చుకొమ్మని ఆయన చెప్పరు, బీపీకి, కిడ్నీలకు తక్కువ హాని చేసే మందు రాస్తారు, వ్యాయామం నేర్పుతారు. మందుల దుకాణాల వారు కూడా అదే ఒక్క ప్రశ్న అడిగితే ఎన్ని కిడ్నీలు నిలుస్తాయో ఆలోచించమని ఈ ఉత్తరం ద్వారా వారిని వేడుకుంటున్నాను.

ఫ్లోరైడ్ పేరు ఎత్తాను గనుక ఒక మాట. వంగిపోయిన ఎముకను నిటారు చేసే మందు ఏదీ లేదని, నీళ్లు మార్చడమే మార్గమని మన జిల్లా చాలా బాధపడి నేర్చుకుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారంటే మన బాధ ఎంత దూరం తెలిసిందో అర్థమవుతుంది. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టడం వెనుక ఉన్నదీ ఆ బాధే. అయినా పొలం దగ్గర దాహం వేస్తే ఇప్పటికీ బోరునీళ్లే తాగుతున్నాం. కాచి తాగితే దోషం పోతుందని కొందరు నమ్ముతారు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ పాలు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంటి నుంచి నల్లా నీళ్లు సీసాలో పట్టుకుపోవడం మేలు.

షుగర్ ఉన్నవారి పాదాల గురించి ఆ వైద్యశాలలో తీసుకునే శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. మా వదినను ఆరేళ్లు చూసిన ఆసుపత్రిలో రక్తపరీక్షలు చాలా జరిగాయి గానీ చెప్పులు విప్పమని ఎవరూ అడగలేదు. ఇక్కడ నర్సమ్మ ముందు చెప్పులు విప్పించి, అరికాళ్లు, వేళ్ల సందులు చూసి, సన్నని నైలాన్ దారంతో తాకి ‘తెలుస్తున్నదా అమ్మా?’ అని అడుగుతుంది. వదినకు ఎడమ బొటనవేలి కింద తెలియలేదు. షుగర్ చాలా ఏళ్లు అదుపు తప్పితే నరాలు మొద్దుబారి, ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, ఒక్కోసారి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదట. మన ఆడవాళ్లు నాట్లకు, కలుపుకు ఒట్టి కాళ్లతో బురదలో దిగుతారు, పత్తి ఏరేటప్పుడు మోళ్లు గీరుకుంటాయి. నొప్పి లేని పుండును ఎవరూ పట్టించుకోరు, అది చీము పట్టి ఎముకకు దిగినప్పుడు వేలు, ఆపైన పాదం తీసేయవలసి వస్తుంది. ప్రతి రాత్రి పడుకునే ముందు పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాలు తనకు కనిపించకపోతే ఇంట్లో ఒకరి చేత చూపించుకోవాలని, కాళ్లు చల్లగా ఉన్నాయని పొయ్యి దగ్గర కాచుకోకూడదని, ఆనెకాయలను బ్లేడుతో కోసుకోకూడదని చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో అన్న ఎడమచేత్తో బ్యాటరీ లైటు పట్టుకొని రోజూ వదిన అరికాళ్లు చూస్తాడు.

పరగడుపున 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ రెండుసార్లు వస్తే షుగర్ ఉన్నట్టని, 100 నుంచి 125 మధ్య ఉంటే అది ముందు మెట్టని, ఆ మెట్టు దగ్గర తిండి, నడక, బరువు చూసుకుంటే చాలామందిలో జబ్బును ఏళ్ల తరబడి వెనక్కి నెట్టవచ్చని అక్కడ చెబుతారు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీని నేను మనసారా స్వాగతించాను, పేదవాడు మంచి బియ్యం తినడం న్యాయం. అయితే జొన్నరొట్టె, గటక తిన్న పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇవాళ మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యమే. అన్నం మానమని డాక్టరు ఎవరికీ చెప్పరు. కంచంలో అన్నం కుప్ప తగ్గించి పప్పు, కూర పెంచమని, ఒక పూట రొట్టె తినమని అంటారు. మా అమ్మ చేతి వంట గుర్తున్న వారికి ఇది కొత్త సలహా కాదు.

ఇవన్నీ ఎక్కడైనా చదువుకోవచ్చు గదా, ఆ వైద్యశాల గొప్ప ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ డాక్టరు దగ్గర ఒక లావుపాటి రిజిస్టరు ఉంది. అందులో మనిషికో పేజీ లేదు, ఇంటికో పేజీ ఉంది. తండ్రి పక్షవాతంతో పోయాడు, తల్లికి షుగర్, పెద్దకొడుకు ముంబైలో కూలి, కోడలికి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ కనిపించింది అని ఇంటి చరిత్ర అంతా ఒకచోట ఉంటుంది. కాన్పు తర్వాత షుగర్ తగ్గిపోయినా ఆ కోడలికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ గనుక, బిడ్డకు టీకా వేయించడానికి వచ్చినప్పుడే ఆమెకూ పరీక్ష చేస్తారు. ముంబై కొడుకు దసరాకు ఇంటికి వచ్చాడని తెలిస్తే ఒకసారి పంపమని తల్లితో చెబుతారు. ఒక్కో అవయవానికి ఒక్కో నిపుణుడు ఉన్న పెద్ద ఆసుపత్రిలో ఈ పేజీ ఎవరి దగ్గరా ఉండదు. నిపుణులను నేను తక్కువ చేయడం లేదు, వారి అవసరం వారిదే. బయట బల్ల మీద ఫైలు పట్టుకొని కూర్చున్న మనిషి ఎవరో తెలిసిన డాక్టరు కూడా ప్రతి కుటుంబానికీ ఒకరు కావాలని అంటున్నాను.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని కూడా నేను అనను. 2007లో ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలన్న జాతీయ కార్యక్రమం కూడా ఉంది. మా ఊరికి ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త వస్తారు, శ్రద్ధగానే పని చేస్తారు. కానీ వారు వచ్చే పగటి వేళ ఇళ్లలో ముసలివారు, పిల్లలు మాత్రమే ఉంటారు. నలభై, యాభై ఏళ్ల మగవారు పొలాల్లోనో, రైస్ మిల్లుల్లోనో, ఆటోల మీదనో ఉంటారు. మా అన్న పేరు వారి రిజిస్టరులో ‘ఇంట్లో లేరు’ అనే ఉండి ఉంటుంది.

మనుషులు ఇంట్లో దొరకనప్పుడు వారు దొరికే చోటికి వెళ్లడమే మార్గం. వారం వారం జరిగే అంగడి ఒక చోటు. పింఛన్లు ఇచ్చే రోజు పోస్టాఫీసు ముందు ఉండే వరుస మరొకటి. అన్నిటికంటే మంచి చోటు వడ్ల కొనుగోలు కేంద్రం. యాసంగి పంట కోశాక మన రైతులు వడ్ల కుప్పల దగ్గర తేమ తగ్గడానికో, బస్తాల కోసమో, లారీ కోసమో రోజుల తరబడి కాచుకొని ఉంటారు. వారికి ఉన్నదల్లా సమయమే. తేమ చూసే యంత్రం ఎలాగూ ప్రతి కేంద్రంలో ఉంటుంది. దాని పక్కన రెండు మూడు వేల రూపాయలకు దొరికే బీపీ యంత్రం ఒకటి, నీడలో ఒక కుర్చీ, రోజుకు రెండు గంటలు ఒక నర్సు ఉంటే చాలు. ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే పల్లె కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించాలన్న నియమం ఇప్పుడు ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైద్య కళాశాలల విద్యార్థులను ఆ రోజుల్లో ఈ కేంద్రాలకు పంపితే వారికీ చదువు, రైతుకూ మేలు. ఎక్కువ వచ్చినవారి పేర్లను అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించి, రెండోసారి చూసే తేదీని చీటీ మీద రాసి ఇవ్వడం మాత్రం మరువకూడదు. అంకె చెప్పి వదిలేస్తే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

ఈ డాక్టరు గత యాసంగిలో ఒక ఆదివారం మా ఊరి కొనుగోలు కేంద్రానికి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. బీపీ చూపించుకున్నవారిలో చాలామందికి అదే మొదటిసారి. మా అన్న కూడా కర్ర పట్టుకొని వచ్చి డాక్టరు పక్కన కూర్చున్నాడు. మాట ఇంకా స్పష్టంగా రాదు గనుక, దూరంగా నిలబడిన రైతులను ఎడమచేత్తో సైగ చేసి పిలిచాడు. పిలిచిన వారెవరూ రాకుండా ఉండలేదు.

జిల్లా కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఇదే. రాబోయే యాసంగి కొనుగోళ్లు మొదలయ్యేలోగా ప్రతి కేంద్రంలో వారానికి ఒక రోజైనా ఈ ఏర్పాటు చేయండి. ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రోగి వెంట వచ్చిన మనిషికి కూడా బీపీ చూడమని ఆదేశించండి. సంపాదకులుగా మీకు కూడా ఒక మనవి. ఆసుపత్రుల ప్రారంభోత్సవాలకు ఇచ్చే చోటులో కొంత తగ్గించి అయినా, జిల్లా పేజీలో వారానికి ఒకసారి, మన ఊళ్ల తిండిని, పనిని ఎరిగిన డాక్టర్ల చేత ఇలాంటి సలహాలు రాయించి వేయండి. కొనుగోలు కేంద్రాలకు వచ్చి చీటీలు రాయడానికి, పేర్లు ఎక్కించడానికి మా మండలంలోని విశ్రాంత ఉపాధ్యాయులం సిద్ధంగా ఉన్నాం. అధికారులు ఏ రోజు ఏ కేంద్రమో చెబితే ఆ రోజు అక్కడ ఉంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా.